పొయ్యి కింద అన్న

మిట్టమధ్యాహ్నం పన్నెండు గంటలు! ఆకాశం కాటుక పులుముకున్నట్టు నల్లబడింది... దిక్కులు పిక్కటిల్లేలా ఉరుములు! వీధి మూలనున్న పాత హోటల్ చూరులో పట్టపగలే గుడ్లగూబ కూసింది!

హోటల్ యజమాని వంటింట్లోంచి తొంగిచూశాడు. వాకిట్లో మంత్రగాడు!

ముప్పై ఏళ్లుగా ఆ హోటల్ పొయ్యి ఆరలేదు. ఊళ్లోవాళ్లు అదో వింతగా చెప్పుకునేవారు. ఎందుకు ఆర్పడో అతనొక్కడికే తెలుసు... పాపిష్టివాడు! హోటల్ పెట్టి ఈగలు తోలుకుంటున్న రోజుల్లో ఈ మంత్రగాడే ఉపాయం చెప్పాడు. పొయ్యి కింద తోడబుట్టినవాడి కపాలం ఉండాలి, నిప్పు ఆరకూడదు, నిజం పెదవి దాటకూడదు! అప్పుడే అన్నకు విషజ్వరం వచ్చింది. తమ్ముడు వైద్యుణ్ణి పిలవలేదు.

పుట్టింటినుంచి వచ్చిన వదినతో, "అన్నయ్య చెప్పాపెట్టకుండా ఎటో వెళ్లిపోయాడు" అన్నాడు. పిచ్చితల్లి, నమ్మేసింది! రోజూ తొలి టీ గ్లాసు భర్త ఖాళీ కుర్చీ ముందు పెట్టి, మధ్యాహ్నం చల్లారాక తీసేది. అది చూసినప్పుడల్లా అతనికి ముద్ద దిగేది కాదు.

మంత్రగాడు పొయ్యి చుట్టూ భస్మం చల్లాడు.

"కపాలం శక్తి ఉడిగిందిరా! ఇంకోటి కావాలి... వాడిలో సగమైన మీ వదినది!"

"వద్దు స్వామీ! నన్ను కన్నకొడుకులా సాకింది..."

"నోర్ముయ్!"

భీకర మంత్రోచ్చారణ! చల్లారిన టీ గ్లాసుతో లోపలికొచ్చిన వదిన ఒక్కసారిగా వికటాట్టహాసం చేసింది! జుట్టు విరబోసుకుంది... కళ్లు చింతనిప్పులయ్యాయి... మంటవైపు అడుగులు వేస్తోంది! ఆమె నోట్లోంచి మగగొంతు... అన్న గొంతు!

"తమ్ముడూ... దాహంరా! ఆ రోజు నీళ్లడిగితే మొహం తిప్పుకున్నావేంరా?"

అతను ఆమె కాళ్లమీద పడిపోయాడు.

"వదినా! అన్నయ్య ఎక్కడికీ వెళ్లలేదు... ఈ పొయ్యి కిందే ఉన్నాడు! నేనే... నేనే చావనిచ్చాను!"

మంత్రం తెగింది! "నోరు విప్పావా, చచ్చావురా!" మంత్రగాడు గావుకేక పెట్టాడు.

వదిన కళ్లు మామూలయ్యాయి. ఆమె మరిదివైపు చూడలేదు. చేతిలోని గ్లాసు వంచి టీ మొత్తం పొయ్యిలో పోసింది.

"తాగండి" అంది మెల్లగా.

నిప్పు బుస్సుమంది... ఆరిపోతూ ఆరిపోతూ ఒక్క జ్వాల లేచి మంత్రగాణ్ణి చుట్టేసింది! ఆర్తనాదం... ఆపైన గుప్పెడు బూడిద!

బయట వాన మొదలైంది. అతను బావురుమన్నాడు. "నన్ను కూడా చంపెయ్ వదినా!"

"గునపం ఇలా ఇవ్వు" అంది వదిన కొంగు బిగిస్తూ. "ఆయన్ని నేను తీసుకుంటాను. నువ్వు ముట్టుకోకు."