స్నానాలగది తలుపు మీది నంబరు

పొద్దున్నే స్నానాలగది కోసం వంతుల గొడవ ఆ ఇంట్లో మామూలే. ఆ రోజు మాత్రం కూతురు లోపలికి వెళ్లి ఎంతకీ బయటికి రాలేదు.

"లోపల కాపురం పెట్టావా ఏంటి?" అని కసిరాడు తండ్రి. ఆయన బోర్డు పెయింటరు. పారేయాల్సిన పాత బోర్డు రేకు తెచ్చి ఆ గదికి తలుపుగా బిగించింది ఆయనే. పైసా వృథా కానివ్వడు, మనుషుల్ని వృథా చేయడానికి మాత్రం వెనకాడడు.

కూతురు ఆ తలుపునే చూస్తోంది. దాని మీద అన్న చదివిన కాలేజీ పేరు, కింద ఫోన్ నంబరు. ఏళ్లుగా నీళ్లు పోసుకుంటూ చదివినవే. నిన్న కొత్త బోర్డు మీద తన చేత్తో రాసింది కూడా ఆ నంబరే. నిన్న ఎందుకు తట్టలేదో.

కొత్త బోర్డు వీధి చివర తెరుస్తున్న కంప్యూటర్ ఇంజనీరింగ్ కాలేజీది. బోర్డులన్నీ ఊరికే రాసిపెడితే పిల్లకి సగం ఫీజేనని యజమాని తండ్రికి మాటిచ్చాడు. కూతురికి దూరాన ప్రభుత్వ కాలేజీలో సీటు వచ్చింది. ఫీజు ఇంకా తక్కువ, కాకపోతే హాస్టల్లో ఉండాలి. తండ్రి సంతకంతో కాగితం ఈ సాయంత్రంలోగా పంపకపోతే ఆ సీటు ఇంకొకరికి పోతుంది. ఆయన వారం నుంచీ రేపు మాపు అంటున్నాడు.

ఆమె బయటికి వచ్చి అడిగింది. "నాన్నా, ఈ కొత్త కాలేజీ, అన్నయ్య చదివినదీ ఒకటేనా?"

"పేరు కనపడట్లేదా? వేరు."

"పేరు వేరే. నంబరు అదే."

వసారాలో డబ్బాలో రంగు కలుపుతున్న అన్న చెయ్యి ఆగింది. అతను మూడో ఏడాదిలో ఉండగా ఆ కాలేజీ గేటుకి తాళం పడింది. పట్టా రాలేదు. అప్పటి నుంచీ తండ్రి వెనక నిచ్చెన మోస్తున్నాడు.

"నీకు ముందే తెలుసు" అంది కూతురు.

"తెలిస్తే ఏంటి? ఈసారి బాగా నడుపుతానన్నాడు ఆ యజమాని. గుడ్డి కన్నా మెల్ల నయం. అయినా ఊరు దాటి నువ్వేం ఊడబొడుస్తావ్? వీడూ ఇంజనీరు అవుతానన్నవాడే. చూడు, రంగు కలపడం కూడా చేతకాదు."

"కన్న కొడుకుని పట్టుకుని ఏం మాటలండీ అవి?" అంది తల్లి వంటింటి గుమ్మంలోంచి.

"నువ్వు లోపలికి పో."

తాను పట్టిన కుందేలుకు మూడే కాళ్లనే మనిషితో వాదన దండగ. కూతురు కాగితం, పెన్ను తెచ్చి ఆయన ముందు పెట్టింది.

"నేను చదవలేనని కాదు నీ భయం. నేను వెళ్తే అక్షరాలు ఎవరు రాస్తారని. నీ చెయ్యి వణుకుతోందని వీధంతా తెలుసు నాన్నా. అమ్మాయి రాస్తేనే పని ఇస్తామని నీ వెనక అంటున్నారు. కాదంటావా? అయితే సంతకం పెట్టు, చూద్దాం."

తండ్రి పౌరుషంగా పెన్ను తీసుకున్నాడు. పాళీ కాగితానికి తగలకముందే చెయ్యి ఊగిపోయింది. పెన్ను జారి కింద పడింది.

గెలవాలనే అంది ఆ మాట. గెలిచాక వంగి పెన్ను తీసి, ఆయన ముఖం చూడకుండా కాగితం పక్కన పెట్టింది.

"గ్లాసు పట్టుకుంటే సగం నీళ్లు ఒలుకుతున్నాయి" అన్నాడాయన. "అక్షరం పోతే నేనెవర్ని? నిన్ను పక్కనే ఉంచుకుందామనుకున్నా." కొడుకు వైపు చూడలేక నేలకేసి చూశాడు. "వీణ్ని తెలియక ముంచాను. నిన్ను తెలిసే ముంచబోయాను."

తల్లి ఏడుస్తోంది. అన్న లేచి, బోర్డులు రాసేటప్పుడు మణికట్టు కింద ఆనించుకునే కర్ర తెచ్చాడు. తండ్రి పక్కన కూర్చుని, దాన్ని ఆయన చేతి కింద పట్టుకున్నాడు.

"పెట్టు నాన్నా. దాన్నైనా పోనీ."

ఆ "దాన్నైనా" అనే మాట తండ్రికి ఎక్కడ తగలాలో అక్కడ తగిలింది. కళ్లు తుడుచుకోకుండానే వంగాడు. కూతురు కాగితం కదలకుండా రెండు చేతులా అదిమి పట్టింది. సంతకం వంకరటింకరగా వచ్చింది.

మళ్లీ రాయమని ఎవరూ అనలేదు.