కాంతమ్మగారి సెల్లు

"మా అమ్మ దొంగతనం చెయ్యలేదండీ," అంటూ సుగుణ అమలాపురంలోని డిటెక్టివ్ సూర్యకుమారి ఆఫీసులోకి వచ్చింది. ఆమె గొంతులో భయం లేదు, మంట ఉంది.

సుగుణ తల్లి వీరాయమ్మ రాజోలులో రిటైర్డు హెడ్మిస్ట్రెస్ కాంతమ్మ ఇంట్లో పనిచేస్తోంది. ముందురోజు ఉదయం పెరట్లో పూలు కోస్తున్న కాంతమ్మను, మరిది కొడుకు జ్ఞానప్రకాశం వెనక్కి తీస్తున్న కారు గుద్దేసింది. పరుగెత్తుకొచ్చిన ఇరుగుపొరుగుతో "సెల్లు తీసేసేడు" అని మాత్రం చెప్పి ఆమె స్పృహ తప్పింది. తర్వాత ఆమె ఫోను వీరాయమ్మ సంచిలో దొరికింది. ఎస్సై వీధిలోనే వీరాయమ్మ చెంప పగలగొట్టి లాకప్పులో పెట్టాడు.

సూర్యకుమారి, అసిస్టెంటు ప్రవీణ్‌ కుమార్ ముందు ఆసుపత్రికి వెళ్ళారు. కాంతమ్మకు ఇంకా తెలివి రాలేదు. ఆమెకు వినికిడి తక్కువ. ఆమె చెవిలోంచి తీసి నర్సు ఇచ్చిన చెవిమిషను మూత బిగించే ఉంది. సూర్యకుమారి తెరిచి చూసింది. లోపల ఏమీ లేదు.

రాజోలులో జ్ఞానప్రకాశం తొణక్కుండా జవాబులిచ్చాడు. హారను కొట్టానన్నాడు. "ఖాళీ మిషను చెవిలో పెట్టుకుంటే పెద్దమ్మకి ఎలా వినపడుతుందండీ?" అన్నాడు. కాంతమ్మ తన కొబ్బరితోటను ఆడపిల్లల హాస్టలుకి రాసిస్తానందని, దానిమీద ఆవిడకీ జ్ఞానప్రకాశానికీ గొడవైందని పక్కింటివాళ్ళు చెప్పారు.

సాయంత్రం ఆ ఇంటి అరుగు మీదికి సూర్యకుమారి అందరినీ పిలిపించింది. ఎస్సై వీరాయమ్మను తీసుకొచ్చాడు.

"ఎస్సైగారూ, కాంతమ్మగారు 'తీసేసేడు' అన్నారు. వీరాయమ్మగారైతే 'తీసేసింది' అనేవారు కదండీ. పనిమనిషి కనపడేసరికి మీకు ఆ మాట చివర వినపడలేదు." ఆమెలో అంత కోపం ప్రవీణ్ ఎప్పుడూ చూడలేదు. "సెల్లంటే మీకు ఫోనే గుర్తొచ్చింది. ఆవిడ చెప్పింది చెవిమిషనులో వేసే బ్యాటరీ సెల్లు. ఊడిపడితే మూత తెరుచుకుని ఉండేది. ఎవరో తీసి, మూత మళ్ళీ బిగించేరు."

ఆమె జ్ఞానప్రకాశం వైపు తిరిగింది. "మిషను ఖాళీగా ఉందని మేము ఆసుపత్రిలో తెరిచేదాకా ఎవరికీ తెలీదండీ. మేము ఎవరికీ చెప్పలేదు కూడా. మీకెలా తెలిసింది?"

ఎస్సై రెట్టించేసరికి అతను కూలబడి, తోట పోతుందని కావాలనే గుద్దానని ఒప్పుకున్నాడు. ముందుగా, శుభ్రం చేసిస్తానని మిషను తీసుకుని, సెల్లు తీసేసి మూత బిగించి తిరిగిచ్చాడు. సెల్లంటే అందరూ ఫోననుకోవడం చూసి, కాంతమ్మ ఫోను తీసి వీరాయమ్మ సంచిలో పడేశాడు.

"పొరపాటైందమ్మా, జీపులో దింపుతాం," అన్నాడు ఎస్సై మెల్లగా.

"జీపు నేనెక్కనండి," అంది వీరాయమ్మ. "వీధిలో కొట్టేరు. ఆ ముక్కేదో వీధిలోకొచ్చి చెప్పండి."

ఎస్సై వీధిలోకి వెళ్ళి, తలదించుకుని చెప్పాడు. వీరాయమ్మ ఆయన వైపు చూడలేదు. కూతుర్ని ఆటో పిలవమంది.

"ఇంటికేనా అమ్మా?"

"ఆసుపత్రికే. కళ్ళు తెరిచేసరికి అమ్మగారి పక్కన మనిషుండాలి."