వెనక తలుపు మీద చుక్కలు

తెల్ల బండి మీద ఎర్ర చుక్క పడితే దాన్ని గోకకూడదు. చాలామంది గోకతారు. గోరుతో పోలేదని ఇసక కాగితం తెచ్చి రుద్దుతారు, రంగంతా పాడు చేసుకోని, ఆనక ఉప్పుగాలి అని సముద్రాన్ని తిడతారు. ఉప్పుగాలికి వచ్చే తుప్పు వేరు. అది అతుకుల్లో పుట్టి అడుగు నుంచి లేస్తుంది, రంగుని బొబ్బలుగా పొంగిస్తుంది. చుక్కలుగా కనపడేది పైనుంచి పడిన ఇనప రజను. ఎవడో ఇనుము కోస్తే ఆ నిప్పురవ్వలు గాలికి ఎగిరొచ్చి రంగులో దిగబడతాయి. పడిన రోజు కనపడవు. రెండు మంచులు పడినాక ఎర్రగా కళ్ళు తెరుస్తాయి.

తీసే పద్ధతి ఒకటే. నీడపట్టున, బండి చల్లబడినాక మొదలుపెట్టాల. మంచినీళ్ళే వాడాల, బోరునీళ్ళు పనికిరావు. కడిగి, నానబెట్టి, ఆ తర్వాత మెత్తటి మట్టిముద్ద లాంటిది ఒకటి అమ్ముతారు, దాన్ని సబ్బునీళ్ళ మీద జారించాల. అదమకూడదు. మెరిసే బంపరుకైతే సిగరెట్టు పెట్టెలో ఉండే వెండికాగితం తడిపి నెమ్మదిగా తిప్పితే చాలు. పోయిందా లేదా అని కంటితో చూస్తే మోసపోతాం. చేతికి పల్చటి ప్లాస్టిక్ కవరు తొడుక్కోని రంగు మీద నిమరాల. ఒక్క రవ్వ మిగిలినా కవరులోంచి వేలికి గరుకుమంటుంది. కావలిలో రంగుల కొట్టు పెట్టుకున్న జడ్సన్ నాకీ కిటుకు చెప్పినాడు. వాని దగ్గర నేర్చుకున్నది ఇదొక్కటే. మిగతాదంతా నేనే వానికి చెప్పినాను.

నా పేరు కామాక్షయ్య. బోగోలు దగ్గర సముద్రం ఒడ్డున మా పాలెం. నలభై గడపలు, అందరం వేట మీద బతికేవాళ్ళం. ఇరవై రెండేళ్ళుగా నేనే పెదకాపుని, అంటే ఊరి పెద్దని. పాలెంలో కారు ఉన్నది నాకొక్కడికే. తెల్ల అంబాసిడరు. ఇంటి పక్కన దానికి రేకుల షెడ్డు వేసినాను. దాని మీద ఇంకొకరి చెయ్యి పడనియ్యను.

పోలేరయ్య కొట్టు మా షెడ్డుకి ఎదురుగా, సందుకు అవతల. లంగర్లు, ఇంజను బిగించే ఫ్రేములు, అన్నీ వెల్డింగు చేసేవాడు. పనిమంతుడే, కాదనను. వేట నిషేధం రెండు నెలలూ పడవలు ఒడ్డెక్కుతాయి గనక వానికి అప్పుడే పని. దక్షిణపు గాలి కూడా అప్పుడే. వాడు కోసిన రజనంతా వచ్చి నా బండి మీద పడేది.

"గోతాం పట్టా ఒకటి అడ్డం కట్టరా" అన్నాను.

"కడతాలే మామా" అన్నాడు. కట్టలేదు.

వారం చూసి మళ్ళీ పోయినాను. అప్పుడు వాని దగ్గర నలుగురు కూర్చోని ఉండారు.

"మామా, నీ బండికి దిష్టి తగలకుండా చుక్కలు పెడతా ఉండా. కూలి కూడా అడగలా" అన్నాడు.

నలుగురూ నవ్వినారు. ఎవరెవరు నవ్వినారో నాకు ఇప్పటికీ గుర్తే.

పక్క పాలెంతో మాకు వలల తగాదా ఉండింది. ఆ పాలెం పడవకి పోలేరయ్య లంగరు చేసిచ్చినాడు. అది చాలు. మిగతా కాపుల్ని కూర్చోబెట్టి వాని మీద దురాయి వేసినాను. దురాయి అంటే ఊరి కట్టు. పడినవానికి ఊళ్ళో నిప్పు, నీళ్ళు, మాట ఉండవు. వాడు పిలిస్తే ఎవరూ పలకకూడదు. పలికినవాళ్ళ మీద కూడా అదే పడుతుంది. వేసిన నోరే దాన్ని ఎత్తాల, ఇంకొకరికి హక్కు లేదు. నేను వేసిన దురాయి ఒక్కటి కూడా ఇంతవరకూ తప్పలేదు.

ముప్పై ఎనిమిదో రోజు మధ్యాహ్నం గ్రైండరు చక్రం పగిలి వాని తొడలో దిగింది. వాని భార్య ధనలక్ష్మి నీళ్ళ కోసం పక్కూరికి పోయి ఉండింది. వాడు కొట్టు గడపలో పడి పిలిచినాడు. ఒక్కొక్క ఇంటినీ వరస పెట్టి పిలిచినాడు. అన్నా అన్నాడు. పిన్నీ అన్నాడు. బావా అన్నాడు. అందరూ వాకిళ్ళలోకి వచ్చినారు. ఎవరూ సందు దాటలేదు. అందరూ నా వైపే చూసినారు. నేను షెడ్డులో బండి వెనక తలుపు తుడస్తా ఉండా. ఒక్క మాట అంటే చాలు, ఎత్తి బండిలో పడేసుకోని కావలి ఆసుపత్రికి పోదురు.

నేను తుడస్తానే ఉండినాను.

అందర్నీ పిలిచినోడు నన్ను మాత్రం పిలవలేదు. ఆ పొగరు చూడండి. నా షెడ్డు వైపు చూసి "బండీ..." అన్నాడు, అంతే. నన్ను మామా అని వరస పెట్టి అడగలేదు. కాసేపటికి అదీ ఆగిపోయింది.

దురాయి ఉండాది గనక పాడె మొయ్యడానికి పాలెంలో ఎవరూ పోలేదు. ధనలక్ష్మి తమ్ముడు వచ్చి ఆటోలో వేసుకోని పోయినాడు. ఆమె కొట్టులో సామానంతా తీసేసి తోటపల్లి గూడూరులో పుట్టింటికి చేరింది.

"ఇప్పుడన్నా ఎత్తేయి. ఒక్క మాట గదయ్యా" అన్నది నా భార్య పిచ్చమ్మ.

"చచ్చినంత మాత్రాన చేసిన తప్పు ఒప్పయిపోతుందా" అన్నాను.

వాడు పోయింది జూన్ నెలలో. నవంబరులో చుక్కలు మళ్ళీ వచ్చినాయి.

పాలెంలో ఇనుము కోసేవాడు లేడు. గాలి ఉత్తరానికి తిరిగి రెండు నెలలయింది. అయినా వచ్చినాయి. బండి అంతా పడుంటే ఏదో అనుకుందును. ఎడమవైపు వెనక తలుపు మీద తప్ప ఇంకెక్కడా లేవు. తీసినాను. తెల్లారేసరికి ఇంకొన్ని. మళ్ళీ తీసినాను. ఆరు రోజులు ఇదే పని. ఏడో రోజు కావలి పోయి జడ్సన్‌ని అడిగితే ఒక సీసా ఇచ్చినాడు.

"తాతా, ఇది చల్లితే ఇనుము ఉన్న చోట ఎర్రగా కారుద్ది. లేని చోట నీళ్ళ మాదిరి జారిపోద్ది. కుళ్ళిన గుడ్ల కంపు కొడుద్ది, చెప్తా ఉండా."

"కంపు గురించి పాలెపోనికి చెప్తావంట్రా" అన్నాను.

ఆ సాయంత్రం వాయుగుండం హెచ్చరిక. పడవలన్నీ పైకి లాగి కట్టేసినారు. పొద్దుగూకేసరికి కరెంటు తీసేసినారు. జనం తలుపులు వేసుకున్నారు. సముద్రం రోజూ మాదిరి అలలు అలలుగా కాకుండా ఒకే రొద పెడతా ఉండింది. గాలి లేదు. షెడ్డు రేకులు కూడా చప్పుడు చెయ్యలేదు. చిన్న బ్యాటరీ లైటు షెడ్డు మేకుకి తగిలించి వెనక తలుపు ముందు కూర్చోని సీసా మూత తీసినాను.

కంపు కొట్టింది. అది నేను ఎదురుచూసిందే. దాని అడుగున ఇంకొక వాసన ఉండింది. చక్రం ఇనుము మీద పడినప్పుడు లేచే కాలిన వాసన. అది సీసాలోది కాదు. సీసా మూత పెట్టినాక కూడా పోలేదు.

చల్లినాను. కాసేపు ఏమీ లేదు. ఆనక చుక్క చుక్కా కరిగి ఎర్రగా కారడం మొదలుపెట్టింది. సన్నగా, నిదానంగా, తలుపు పొడుగునా దిగి నేల మీద బొట్లు పడినాయి. కడిగినాను. మళ్ళీ కారింది. కడిగిన కొద్దీ కారింది...

చేతికి కవరు తొడుక్కోని నిమిరినాను. రంగు మీద గరుకు తక్కువే. తలుపు పిడి దగ్గరికి వచ్చేసరికి వేళ్ళు ఆగిపోయినాయి. మెరిసే పిడి లోపలివైపు, కంటికి కనపడని చోట, నాలుగు గుంపులుగా గరుకు. పైన బొటనవేలు పడే చోట ఇంకొకటి. నా వేళ్ళు వాటి మీద పెట్టి చూసినాను. సరిగ్గా కూర్చున్నాయి.

ఎవరో తలుపు తెరవాలని పట్టుకున్నట్టు.

తలుపు తీసినాను. లోపలి అంచు మీద కూడా నిమిరినాను. అక్కడ గరుకు కింద ఉండింది, బాగా కింద, సీటు ఎత్తున. కూర్చున్నవాని చెయ్యి అక్కడికి రాదు. పడుకున్నవానికే అందుతుంది.

అప్పుడు సందు అవతల చక్రం తిరిగింది. కరెంటు లేదు. కొట్టులో గ్రైండరే లేదు. జుయ్‌మని లేచి, నెమ్మదించి, ఆగిపోయింది.

ఆ వెనకే సందు చివర్నుంచి పిలుపు వినపడింది.

"అన్నా..."

అది మస్తానయ్య ఇల్లు. నా తర్వాత కాపు అతనే. కిటికీలో దీపం ఆరిపోయింది.

"పిన్నీ..."

రెండో ఇల్లు. అక్కడా దీపం ఆరింది. అరుపు కాదది. ఊపిరి చాలనివాడు పిలిచినట్టు ఉండాది. తప్పు లేకుండా, ఆ రోజు పిలిచిన వరసలోనే, ఇల్లు ఇల్లూ దాటుకుంటా వస్తా ఉండాది. పిలిచిన ఇంట్లో దీపం పోతా ఉండాది. తలుపుల వెనక మనుషులు ఊపిరి బిగబట్టింది కూడా నాకు తెలుస్తా ఉండాది. ఒక్కరు పలకలేదు. దురాయి అంటే అట్టుండాల.

పిచ్చమ్మ చేతిలో చెంబుతో షెడ్డు వాకిట్లో నిలబడింది.

"వినపడిందా" అన్నది.

"గాలి."

"గాలికి వరసలు తెలుస్తాయా."

"పలకబాక" అన్నాను.

కాలిన వాసన ఎక్కువయింది. ఇంకొక ఇల్లు... ఇంకొకటి... ఎదురు కొట్టు వాకిట్లో ఆగింది.

"అత్తా... నీళ్ళు..."

పిచ్చమ్మ నా వైపు చూసింది. "ఎత్తేయి. ఇప్పుడన్నా ఎత్తేయి. నీ నోటితోనే రావాల."

మాట నాలుక మీదికి వచ్చింది. వచ్చిన మాట నిజం. సందులో నలభై గడపలు వింటా ఉండాయి. దిష్టి చుక్కలని నవ్వినోళ్ళు కూడా అందులో ఉండారు. పళ్ళు బిగించినాను.

"వస్తా ఉండా నాయనా" అన్నది పిచ్చమ్మ. సందు దాటింది.

నేను లైటు ఎత్తి పట్టుకున్నాను. మూసిన కొట్టు గడప ముందు ఆమె గొంతుక్కూర్చోని, బిడ్డకి పట్టినట్టు, చెంబు వంచింది. నీళ్ళు దిగతా ఉండాయి. నేలకి తగిలిన చప్పుడు రాలేదు. చెంబు ఖాళీ అయినదాకా వంచే ఉంచింది. గడప పొడిగానే ఉండాది.

తిరిగొచ్చి నా ఎదురుగా నిలబడింది. "బండి అడగతా ఉండాడు" అన్నది, గుసగుసగా.

నేను పలకలేదు. అప్పటికే ఆమె పలికి ఉండాది గదా.

పొద్దున మస్తానయ్య, ఇంకో ఇద్దరు కాపులు వచ్చినారు. వాకిట్లోనే నిలబడినారు.

"అన్నా, నిన్న అందరం విన్నాం. వదిన పలికింది" అన్నాడు మస్తానయ్య. "ఇంక దురాయి ఎత్తేస్తావా మరి."

"ఎందుకు ఎత్తాల. పలికినోళ్ళకీ అదే."

"నీ ఇంట్లో కూడానా."

"నా ఇల్లు పాలెంలో లేదా."

మస్తానయ్య లోపల పొయ్యి దగ్గర కూర్చున్న పిచ్చమ్మని చూసినాడు. "నీ మాట పోకూడదులే అన్నా. ఆమె ఏమైపోయినా ఏముందిలే" అన్నాడు. అట్టా అన్నందుకు వానికీ ఒకరోజు వస్తుంది.

ఆ రోజు నుంచి పిచ్చమ్మతో నేను మాట్లాడలేదు, ఊళ్ళో ఎవరూ మాట్లాడలేదు. ఆ రోజు నుంచి బండి మీద ఒక్క చుక్క లేదు. కవరు తొడిగి నిమిరితే వెన్న మాదిరి జారతా ఉండాది. గెలిచినాను అనుకున్నాను.

మూడో రోజు తెల్లవారి షెడ్డుకి పోతే వెనక తలుపు తీసుకోని పిచ్చమ్మ దిగతా ఉండాది. నన్ను చూడనట్టే ఇంట్లోకి పోయింది. చీరకి ఆసుపత్రి మందుల వాసన. షెడ్డుకి బయట తాళం, రెండు తాళం చెవులూ నా మొలతాడుకే ఉండాయి. బానెట్టు మీద చెయ్యి పెట్టినాను, చల్లగా ఉండాది. లోపలికి వంగి మీటరు చూసినాను. నా బండి మీటరు అంకెలు నాకు నోటికి వస్తాయి. పద్దెనిమిది కిలోమీటర్లు ఎక్కువ ఉండాది. మా షెడ్డు నుంచి కావలి ఆసుపత్రి గేటుకి పద్దెనిమిది. పోయిన లెక్కే ఉండాది, వచ్చిన లెక్క లేదు.

మర్నాడూ పద్దెనిమిది. ఆ మర్నాడూ పద్దెనిమిది. రోజూ ఆమె దిగతా ఉండాది, రోజురోజుకీ సన్నగా అవతా ఉండాది, కళ్ళ కింద నల్లగా. ఎక్కడికి పోతా ఉండావని అడగాలంటే మాట్లాడాల. మాట్లాడాలంటే దురాయి ఎత్తాల. ఆమె ఒక్కదానికి ఎత్తేది ఉండదు, ఎత్తితే వానికి కూడా ఎత్తినట్టే.

ఈ పొద్దు తాళం తీసేసరికి వెనక సీటులో ఎవరూ లేరు. ఇంట్లో లేదు. ఒడ్డున లేదు. పాలెం అంతా వాకిళ్ళలోకి వచ్చి నిలబడి ఉండాది. ఎవరూ అడగలేదు. నా వైపు చూస్తా ఉండారు.

బండి కదల్లేదు. చక్రాల కింద నేను పెట్టిన రాళ్ళు పెట్టినట్టే ఉండాయి. ఇంజను చప్పుడు లేదు. ముందు సీటులో కూర్చోని చూస్తా ఉండా. మీటరులో చివరి అంకె నిదానంగా తిరగతా ఉండాది. నేను చూడగానే రాత్రి అంకె మీద పదహారు ఎక్కువ ఉండింది. పద్దెనిమిది దగ్గర, ఆసుపత్రి గేటు కాడ ఆగుతుందేమో, అక్కడ పిచ్చమ్మ దిగుతుందేమో అని చూసినాను.

ఆగలేదు. ఇప్పుడు నలభై ఒకటి.