మోగని మూడో ఫోను

ఫోను మోగే తీరు విని అవతలున్నది మంచి కబురో చెడ్డ కబురో చెప్పేయగలను నేను. ముప్పై ఎనిమిదేళ్ళు టెలిఫోను స్తంభాలెక్కి తీగలు సరిచేసిన లైన్‌మన్ చెవి ఇది. ఒకసారి గాలివానకు తెగిన తీగ రెండు కొసలూ చెరో చేత్తో పట్టుకుని నిలబడితే, నా ఒంట్లోంచే మాటలు నడిచి ఒక పెళ్ళి సంబంధం ఖాయమైపోయింది. మగపెళ్ళివారు మరీ బెట్టు చేస్తుంటే ఓ చెయ్యి వదిలేద్దామా అని కూడా అనుకున్నాను. అలాంటి చెవి ఇంతవరకూ ఒక్కసారీ తప్పు చెప్పలేదు. ఈ మాట గుర్తుపెట్టుకోండి.

మా బావ స్తంభం ఎక్కే రకం కాదు. టెలిఫోన్ ఎక్స్ఛేంజీలో ఆపరేటరు. "లైన్లో ఉండండి, కలుపుతున్నాను" అంటూ నీడపట్టున ముప్పైరెండేళ్ళు గడిపేశాడు. నన్ను ఈనాటికీ "స్తంభం" అనే పిలుస్తాడు. మా అక్క పోయి నాలుగేళ్ళు. బావ కూతురి దగ్గరే ఉంటాడు. రెండు వీధుల అవతల నేను. పొద్దున్నే కాఫీ వేళకి వాళ్ళింట్లో తేలతాను.

ఆ పొద్దున వెళ్ళేసరికి అమ్మాయి బల్లనిండా ఫోన్ల బొమ్మలున్న కాగితాలు పరుచుకుని కూర్చుంది. ఆమె ఉద్యోగం ఇంట్లోంచే. ఎక్కడైనా లిఫ్టు మధ్యలో ఆగిపోతే, లోపల ఇరుక్కున్నవాళ్ళు ఫోను చేసేది ఆమెకే. ఏ బిల్డింగు, ఎన్నో అంతస్తు అని కనుక్కుని మెకానిక్కును పంపాలి. ఇంటికీ ఆఫీసుకీ కలిపి ఒకటే లైను.

"రెండు లైన్ల కార్డ్‌లెస్ తీసుకుంటున్నాను మావయ్యా. ఇంకో లైను పెట్టించాను. కొత్తది ఇంటికి, పాత నంబరు ఆఫీసుకి. పెట్టె ఒక్కటే, చేతిఫోన్లు మూడు."

"ఉన్న ఫోనుకేమొచ్చిందట?" అన్నాడు బావ, కాఫీలోకి చూస్తూ.

అమ్మాయి ఇంకో కాగితం తిప్పింది. దానికేమొచ్చిందో మా ముగ్గురికీ తెలుసు.

మూడు వారాల కిందట అమ్మాయి స్నానానికి వెళ్ళినప్పుడు ఫోను మోగింది. బావ తీశాడు. "లైన్లో ఉండండి" అని రిసీవరు పక్కన పెట్టి, కూతుర్ని పిలవడానికి లేచాడు. లేచినవాడు వంటింట్లోకి వెళ్ళాడు. ఎందుకొచ్చాడో తెలియక కాసేపు నిలబడి, చివరికి గిన్నెలు తుడవడం మొదలుపెట్టాడు. అవతల చీకటి లిఫ్టులో ఒక పెద్దావిడ నలభై నిమిషాలు "హలో, హలో" అంటూనే ఉంది. ప్రాణాలతోనే బయటికి తీశారు. ఇంకోసారి ఇలా జరిగితే పని వేరేవాళ్ళకి ఇచ్చేస్తామని కంపెనీవాళ్ళు కాగితం పంపారు. ఆ ఇల్లు నడిచేది ఆ పని మీదే.

కొట్లో అమ్మేవాడు మూడు సెట్లు చూపించాడు. మొదటిది రెండు లైన్లకీ ఒకేలా మోగుతుంది, అదెందుకూ పనికిరాదు. రెండోదాని పెట్టెకి తీగ రిసీవరు ఉంది, లోపల బ్యాటరీ ఉంది, చూడ్డానికి మాత్రం ఇటుకే. మూడోది సన్నగా, నున్నగా ఉంది.

"కరెంటు పోతే ఇది మోగుతుందా?" అని మూడోదాన్ని వేలితో పొడిచాడు బావ.

"కరెంటు లేకపోతే ఎలా మోగుతుంది తాతగారూ?"

"మా పాత ఫోను మోగుతుంది నాయనా. దానికి కావలసిన కరెంటు ఎక్స్ఛేంజీ నుంచి తీగలోనే వస్తుంది. లిఫ్టులు ఆగేది కరెంటు పోయినప్పుడే కదా?"

అమ్మేవాడు నవ్వాడు. అమ్మాయి నవ్వలేదు, విననూ లేదు. బావ అటు తిరగ్గానే గొంతు తగ్గించి, "ఒక్క ఫోను మాత్రం ఆఫీసు లైనుకి మోగకుండా చెయ్యొచ్చా?" అని అడిగింది.

"మూడోదాంట్లో అవుతుందండీ. ఏ ఫోను ఏ లైనుకి మోగాలో మీ ఇష్టం. వాడుకలో ఉన్న లైను దగ్గర ఎర్ర దీపం వెలుగుతుంది."

మూడోదే కొన్నాం.

మూడో నంబరు చేతిఫోను బావకిచ్చింది. ఆయన దాన్ని చొక్కా జేబులో పిచ్చుకపిల్లను మోసినట్టు మోశాడు. అది మోగితే కదా. ఇంటి లైనుకి చేసేవాణ్ణి నేనొక్కణ్ణే, నేనేమో ఎప్పుడూ ఆయన ఎదురుగానే ఉంటాను.

నాలుగో రోజు స్టవ్ మీద ఖాళీ గిన్నె ఎర్రగా కాలింది. ఐదో రోజు ఇంటి లైను దీపం వెలిగి ఉంది, మాట్లాడేవాళ్ళెవరూ లేరు. ఇల్లంతా వెతికితే ఆ చేతిఫోను బీరువాలో, మడతపెట్టిన దుప్పట్ల మధ్య, సన్నగా కూస్తూ దొరికింది. అమ్మాయి నా మొహంకేసి చూసింది. నేను గోడకేసి చూశాను.

ఆరో రోజు మధ్యాహ్నం బావ ఆఫీసు గది గుమ్మంలోకొచ్చి నిలబడ్డాడు. అమ్మాయి చేతిలో ఫోను మోగుతోంది. ఆయన అరచేతిలోది నోరు మూసుకుని ఉంది. ఆమె మాట్లాడి పెట్టేసేదాకా ఆగాడు.

"నాది పాడైంది తల్లీ."

"పాడవలేదు నాన్నా. నేనే ఆపించాను."

"ఒక ఊరికి ఊరు నా చేతిమీదుగా మాట్లాడుకుంది. అలాంటి చేతిలో ఉత్తి డబ్బా పెట్టావా? ఓ చెక్కబొమ్మ కొనిపెట్టాల్సింది, ఆడుకునేవాణ్ణి."

"ఆ పెద్దావిడ పోయుంటే ఏం చేసేవాళ్ళం నాన్నా?"

అమ్మాయి సొరుగు లాగి కొన్ని చీటీలు బల్లమీద పెట్టింది. పాత ఫోను తీసేసినప్పుడు దాని కింద దొరికాయట. అన్నీ బావ గుండ్రటి రాతే. 'అమ్మాయి గది ఎడమవైపు.' 'పాలు కాగాక స్టవ్ కట్టేయాలి.' 'స్తంభం నా బావమరిది. రోజూ వస్తాడు.'

ఆ మూడోది నేను రెండుసార్లు చదివాను.

"ఎప్పట్నుంచి నాన్నా?"

"మీ అమ్మ పోయాకో, అంతకు ముందో. ఆ సంగతి రాసుకోలేదు."

"నాకెందుకు చెప్పలేదు?"

"చెబితే ఫోను తీసేసుకుంటావని."

అప్పుడు ఫ్యాను ఆగిపోయింది. పెట్టె మీద దీపాలారిపోయాయి. వీధి మొత్తం చప్పుడు లేదు. అమ్మాయి చేతిఫోను మీటలన్నీ నొక్కి చూసింది. ఊళ్ళో లిఫ్టుల గోడల మీద అచ్చువేసి ఉన్నది ఈ నంబరే. ఎన్ని లిఫ్టుల్లో ఎంతమంది అదే నొక్కుతున్నారో.

బావ తన గదిలోకెళ్ళి మంచం కిందనుంచి పాత ఫోను లాక్కొచ్చాడు. నేల మీద చతికిలబడి దాని తీగను గోడలోని ఆఫీసు లైను రంధ్రంలో గుచ్చాడు. గుచ్చీ గుచ్చగానే మోగింది.

ఆ మోతలో నాకే కబురూ వినబడలేదు. అసలెప్పుడూ వినబడలేదు. అన్ని ఫోన్లూ ఒకేలా మోగుతాయండీ. ఆ నలభై నిమిషాల రోజున వరండాలో పేపరు చదువుకుంటూ "మంచి కబురే బావా, నిదానంగా తియ్యి" అన్న మహానుభావుణ్ణి నేనే.

"చెప్పండి. ఏ బిల్డింగు? ఎన్నో అంతస్తు? లోపల ఎంతమంది? తలుపు తొయ్యకండి, మనిషి వస్తున్నాడు." బావే మాట్లాడుతున్నాడు, ఒక్కో ఫోనుకి ఒక్కో చీటీ రాస్తూ. అమ్మాయి చీటీ అందుకోవడం, తన సెల్‌లోంచి మెకానిక్కులకి చెప్పడం. ఒకాయన పెళ్ళాంతో పోట్లాట మధ్యలో ఇరుక్కుపోయానంటే, "అయితే మీకు కాస్త ఆలస్యంగా పంపిస్తాను, రాజీపడండి" అన్నాడు బావ. పదకొండు ఫోన్లు. ఒక్కరినీ గాలికి వదల్లేదు.

మోతలు ఆగాయి. అమ్మాయి ఆయన పక్కనే నేలమీద కూలబడి భుజం పట్టుకుంది. "నాన్నా, తప్పు నాదే. రేపే ఆ ఇటుక సెట్టు తెచ్చుకుందాం."

బావ తలెత్తాడు. మొహంలో మర్యాద తప్ప ఇంకేమీ లేదు. పెన్సిలు కాగితం మీద పెట్టి సిద్ధంగా ఉన్నాడు.

"చెప్పండమ్మా, ఏ నంబరు కావాలి?"



అమ్మాయి కళ్ళు తుడుచుకుంది. "మా నాన్న కావాలండీ."

"లైన్లో ఉండండి, కలుపుతున్నాను."

రిసీవరు నేలమీద పెట్టి, గోడకేసి చూస్తూ కూర్చున్నాడు. ఆమె కదల్లేదు. ఫోను రెండుసార్లు మోగేంత సేపు గడిచాక ఇటు తిరిగాడు.

"ఆఁ, చెప్పు తల్లీ. ఏడుస్తున్నావేంటి?"

ఇటుక సెట్టు వచ్చింది. దాని మూడో చేతిఫోను ఇప్పుడు రెండు లైన్లకీ మోగుతుంది. బావ తీస్తాడు, ముందు చీటీ రాస్తాడు, తర్వాత లైను తెగకుండా ఆపి ఉంచే మీట నొక్కుతాడు. ఎర్ర దీపం మినుకుమంటే చాలు, అమ్మాయి తన గదిలోంచి అందుకుంటుంది. స్నానానికెళ్ళేముందు మాత్రం ఆఫీసు లైను నా ఒళ్ళో పెట్టి వెళుతుంది. బావ చీటీల్లో ఆమె రాతది ఒకటి చేరింది: 'నేనిక్కడే ఉన్నాను నాన్నా.'

ఇందులో నేను కల్పించింది ఒక్కటుంది. తీగ కొసలు పట్టుకున్న సంగతి కాదు, దాని జోలికి రాకండి. ఫోను రెండుసార్లు మోగేంత సేపు అన్నాను చూశారూ, అదీ. కరెంటు వచ్చి, ఫ్యాను తిరిగి, నేలమీది రిసీవరు నేను ఫోను మీద పెట్టి, ఆఫీసు లైను మళ్ళీ రెండుసార్లు మోగి, దాన్ని నేను తీసి చీటీ రాసి, కిటికీలోంచి ఎండ గోడ మీదికి పాకాక గానీ ఆ నంబరు కలవలేదు. అంతసేపూ అమ్మాయి లైన్లోనే ఉంది.