చెల్లెమ్మా అనని మనిషి

"వయసెంత?"

"మందు అడిగాను. నా పుట్టుపూర్వోత్తరాలు కాదు."

"మందు కోసమేనండీ అడుగుతున్నది."

"ఇరవై ఏడు."

"గుండెజబ్బు, బీపీ ఏమైనా ఉన్నాయా? ఇంకేం మాత్రలు వాడుతున్నారు? ఈ తలనొప్పి మాత్ర, సుమాట్రిప్టాన్, నెలలో ఎన్ని రోజులు వేసుకుంటున్నారు?"

అప్పుడే నాకు అనుమానం వచ్చింది. బుఖారాలో మా వీధి పద్ధతి తెలిసినవాళ్లెవరికైనా వస్తుంది. పిల్లను చూడ్డానికి వచ్చే ఆడవాళ్లు ముందు పిల్ల ఇంటికి రారు. రొట్టెల కొట్టులో అడుగుతారు, పక్కింట్లో అడుగుతారు, ఆ తర్వాతే తలుపు తడతారు. తివాచీల వ్యాపారి ఇంటివాళ్లు నన్ను చూడ్డానికి వస్తారని అమ్మ మొన్ననే చెప్పింది. ఈ మందుల షాపు మనిషి ఎవరి తరఫున అడుగుతున్నాడో? కోటు మీద అస్లిద్దీన్ అని పేరుంది.

ఇంకో సంగతి. మా బజారులో దానిమ్మపళ్లవాడి నుంచి దారాలవాడి దాకా అందరూ నన్ను చెల్లెమ్మా అనే పిలుస్తారు. ఇతను ఒక్కసారీ అనలేదు.

"మిమ్మల్ని ఎవరు పంపారు?" అన్నాను.

"నన్నా? నేనిక్కడే ఉన్నానండీ. వచ్చింది మీరు."

"నెలకి నాలుగు రోజులు" అని అబద్ధమాడాను.

"మూడు వారాల్లో పన్నెండు మాత్రలు నేనే ఇచ్చాను, మోహిచెహ్రా గారూ."

నా పేరు కూడా తెలుసు! చీటీ మీద ఉంటుందని తర్వాత గుర్తొచ్చింది లెండి.

"నొప్పి మొదలవగానే ఒకటి వేసుకోండి" అన్నాడు. "అస్సలు తగ్గకపోతే అదే నొప్పికి రెండోది వద్దు. తగ్గి మళ్లీ వస్తేనే, అదీ రెండు గంటలు ఆగి. రోజుకి రెండు దాటొద్దు. నెలలో తొమ్మిది రోజులు మించితే ఈ మందే తలనొప్పి తెచ్చిపెడుతుంది."

"మందు నొప్పి తెస్తుందా! రేపు గొడుగు కొంటే వాన పడుతుందంటారు."

అతను నవ్వాడు. నవ్వితే బాగున్నాడు. అదీ అనుమానించాల్సిన విషయమే.

నేను పెళ్లికొడుకుల అంగీల మీద జరీ కుట్టేదాన్ని. ఎండ ఆ జరీ మీద పడితే కళ్లలో సూదులు దిగినట్టుంటుంది. మాత్ర లేనిదే పని సాగదు. అందుకే బజారు అవతల, ఏమీ అడగని ఇంకో షాపు వెతుక్కున్నాను. నెల తిరిగేసరికి నొప్పి లేని రోజే లేదు.

తివాచీలవాళ్లు వీధి చివరిదాకా వచ్చి వెనక్కి వెళ్లిపోయారు. మందుల షాపులో ఏదో విన్నారట. నేను చెప్పులు కూడా సరిగ్గా వేసుకోకుండా అస్లిద్దీన్ షాపుకి పరుగెత్తాను.

"ఏం చెప్పారు వాళ్లకి?"

"మీరు ఏ మందు కొంటారని అడిగారు. షాపుకొచ్చినవాళ్ల సంగతి ఎవరికీ చెప్పనన్నాను."

"అంటే ఏదో ఉందనే కదా అర్థం! జలుబు మందంటే మీ సొమ్మేం పోయింది?"

"అబద్ధం నాకు చేతకాదండీ. ఎన్ని రోజులో నాకైనా నిజం చెప్పండి."

ఏడుపొచ్చింది. పెళ్లి తప్పినందుకు కాదు, అతను అంత నెమ్మదిగా అడిగినందుకు.

"పదిహేడు రోజులు" అన్నాను. "ఈ ఒక్క నెలలో."

అతను నా నెత్తి మీది లైటు ఆర్పేశాడు. "రేపే డాక్టరు దగ్గరికి వెళ్లండి. ఈ లెక్కే చెప్పండి."

డాక్టరమ్మ పొల్లుపోకుండా అతని మాటలే చెప్పింది. ఇద్దరూ కుమ్మక్కయ్యారేమో అనుకున్నాను. కొన్నాళ్లు మాత్రలు ఆపించింది. మొదటి రెండు వారాలు నరకం. షాపు మెట్ల మీద కూర్చుని అతన్ని తిట్టిపోసేదాన్ని. అతను మంచినీళ్లిచ్చి వినేవాడు. నొప్పి వచ్చిన రోజల్లా క్యాలెండర్లో సున్నా చుట్టమన్నాడు. చలికాలం మొదలయ్యేసరికి నెలకి ఐదు సున్నాలు, ఐదు మాత్రలు.

"ఒక్కటి చెప్పండి" అన్నాను ఒకరోజు. "నన్ను చెల్లెమ్మా అని ఎందుకు పిలవరు?"

అతని చెవులు ఎర్రబడ్డాయి. "ఒకసారి అన్నాక వెనక్కి తీసుకోవడం కష్టం కదండీ."

ఆ గురువారం వాళ్లమ్మ రొట్టెల మూటతో మా ఇంటికి వచ్చింది. "మా పిల్ల గురించి వీధిలో విచారించే ఉంటారు" అంది అమ్మ, బిక్కచచ్చిపోయి.

"మావాణ్ణే అడిగాను అక్కయ్యా. ఎన్నిసార్లడిగినా, 'ఆ అమ్మాయినే అడుగు' అంటాడు. అందుకే వచ్చాను. నువ్వే చెప్పు తల్లీ."

ఏమీ లేదని చెప్పమని అమ్మ కళ్లతో సైగ చేసింది. మా వీధిలో ఇంతవరకూ ఆడపిల్లను నేరుగా అడిగినవాళ్లు లేరు. ఈ ఒక్క సంబంధం తప్పిపోతే తట్టుకోలేనని అప్పుడే తెలిసింది నాకు.

"నాకు మైగ్రేన్ ఉందండీ. నెలకి ఐదు రోజులు. మాత్ర వేసుకుని చీకట్లో పడుకోవాలి. ఆ రోజు వంటా, అతిథులూ నావల్ల కాదు. పూర్తిగా పోతుందని చెప్పలేను."

ఆవిడ మూట పక్కన పెట్టి లేచింది. అయిపోయింది, వెళ్లిపోతోంది అనుకున్నాను. కిటికీ దాకా వెళ్లి పరదా లాగింది.

"ఇప్పుడు హాయిగా ఉందా, ఇంకాస్త లాగనా?" అంది.

మూట విప్పి రొట్టె తీసింది. దాన్ని రెండు వైపులవాళ్లూ పట్టుకుని విరిస్తే మా వాళ్లలో మాట ఖాయమైనట్టే. ఆవిడ ఒక అంచు పట్టుకుని రెండోది అమ్మ వైపు చాపింది. అమ్మ ఇంకా అనుమానంగా చూస్తోంది.

ఆ అంచు నేనే పట్టుకుని విరిచాను.