లావు పిన్ను

ప్రొద్దుటూరులో సురేంద్రకు ఒక పేరుంది. ఎవరి చేతిలోనూ లేవని కంప్యూటర్ అతని చేతిలో లేస్తుందని. నిజానికి అతని వైద్యమంతా ఒక రబ్బరుముక్కలో ఉంది. డబ్బా విప్పడం, ర్యామ్ ఊడదీయడం, దాని అంచును బడిపిల్లల రబ్బరుతో రుద్ది మళ్లీ బిగించడం. పదింటిలో ఏడు అంతటితో లేచి కూర్చుంటాయి. మిగతా మూడింటికి ఆయుష్షు తీరిందని చెప్పేస్తాడు.

ఆయుధపూజకు ముందురోజు జమ్మలమడుగు నుంచి సుబ్బలక్ష్మమ్మ ఫోన్ చేసింది. బట్టలకొట్టు చెన్నయ్య భార్య. ఎనిమిదేళ్ల కిందట వాళ్ల కూతురు కుసుమ కోసం ఆ ఇంట్లో కంప్యూటర్ పెట్టింది సురేంద్రే. ఆ పిల్ల పోయిన దసరాకు చనిపోయిందని విన్నాడు గానీ పలకరించడానికి పోలేదు. పనులు, అనుకున్నాడు. పనులు ఎవరికి ఉండవు.

అతను పోయేసరికి మిట్టమధ్యాహ్నం. చెన్నయ్య కొట్లో ఉన్నాడు. వీధిలో ఎండ మండిపోతుంటే ఆ ఇంట్లో మాత్రం కిటికీలన్నీ మూసి ఉన్నాయి. నడవా దాటి లోపలి గదిలోకి అడుగు పెట్టగానే వాసన వచ్చింది. ఆరీ ఆరని తడిబట్ట వాసన. గదిలో దండెం లేదు, బట్టలు లేవు. పైన ఫ్యాను కిర్రు కిర్రుమంటూ తిరుగుతోంది. మూలన పాత చీర కప్పుకుని కంప్యూటర్ ఉంది.

"రేపటికి పాపకు ఏడాదప్పా," అంది సుబ్బలక్ష్మమ్మ. "దీంట్లో పాటలు పాడి పెట్టుకున్యాది. మా దగ్గర ఆ గొంతు ఇంగ యాడా లేదు. ఒక్కసారి ఇనాల. స్విచ్చేస్తే బొమ్మ వస్తాది, ఆడ్నే నిలబడిపోతాది."

"చూస్తా పెద్దమ్మా."

స్విచ్చి వేశాడు. కంపెనీ బొమ్మ వచ్చింది, నిలిచిపోయింది. మళ్లీ వేశాడు. అదే వరస. సరే, మన రబ్బరు ఉంది కదా అని డబ్బా మీద చెయ్యి వేశాడు.

చెయ్యి జుమ్మంది.

జేబులోంచి టెస్టర్ తీసి డబ్బాకు ఆనించాడు. ఎర్రగా వెలిగింది. వైరు పట్టుకుని గోడదాకా పోయాడు. ప్లగ్గుకు రెండే పిన్నులున్నాయి. పైనుండాల్సిన లావు పిన్ను, దారి తప్పిన కరెంటును భూమిలోకి పంపే ఎర్త్ పిన్ను, లేదు. మొదలంటా విరిగిన చోట పటకారు పళ్ల గాట్లు ఇంకా కనిపిస్తున్నాయి.

ఆ పటకారు అతనిదే. పాత గోడబోర్డుకు రెండే బొక్కలున్నాయని, కొత్త బోర్డు వేయడానికి బద్ధకమై, ఎనిమిదేళ్ల కిందట తనే విరిచి కిటికీలోంచి పారేశాడు. అప్పుడు కుసుమ పక్కనే నిలబడి అడిగింది, లావు పిన్ను యాడికి పోయిందన్నా అని. దాంతో పనేముంది, నడుస్తాదిలే అన్నాడు. నడిచింది కూడా. అతను ఇట్లా నడిపించిన ఇళ్లు ఊరూరా ఉన్నాయి, తన ఇంటితో సహా.

"పాపకు ఏమైంది పెద్దమ్మా?" అడిగాడు.

"ఆయుధపూజ కదా, బొట్లు పెట్టాలని తడిగుడ్డతో దీన్ని తుడుస్తాండె. కుంకం గిన్నె ఇంగో చేతిలో ఉండె. నేను పొయ్యికాడి నుంచి వచ్చేసరికి కిందపడి ఉండాది." ఆమె కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. "డాక్టరు గుండె ఆగిందన్యాడు. ఇరవై రెండేళ్ల పిల్లకు గుండె ఎందుకాగుతాదప్పా? ఏ జన్మలో ఏం చేసుకున్యానో."

చేసిన పాపం చెబితే పోతుందంటారు. చెప్పడానికి ఆ గదిలో సమయమూ ఉంది, వినే మనిషీ ఉంది. సురేంద్ర నోరు తెరిచి, "ర్యామ్ పోయినట్టుంది," అన్నాడు.

ప్లగ్గు పీకి పనిలో పడ్డాడు. రబ్బరు రెండుసార్లు చేతిలోంచి జారింది. కీబోర్డు వైరు ఊడదీసి తలకిందులు చేస్తే కుంకుమ పొడిపొడిగా రాలింది. ఏడాదినాటిది. కీబోర్డును పక్కనున్న మంచం మీద పడేసి, ర్యామ్ బిగించి, ప్లగ్గు పెట్టి, డబ్బాకు చెయ్యి తగలకుండా మళ్లీ స్విచ్చి వేశాడు.

ఈసారి బొమ్మ దాటింది. తెరమీద తెల్లటి అక్షరాలు. కీబోర్డు లేదు, ముందుకు పోవాలంటే ఎఫ్1 నొక్కు, అని. ఈ మాట చూసినప్పుడల్లా నవ్వుకునేవాడు, లేని కీబోర్డు మీద ఎట్లా నొక్కేదని. ఈసారి నవ్వు రాలేదు. మంచం వైపు తిరిగాడు.

టిక్...

చిన్న చప్పుడు. మీట నొక్కిన చప్పుడు.

తెర ముందుకు పోయింది.

కీబోర్డు మంచం మీదే ఉంది. వైరు కిందికి వేలాడుతోంది, దేనికీ తగిలించి లేదు. ఎఫ్1 మీట మీద వేలిముద్రంత కుంకుమ. తడిగా ఉంది.

"వచ్చింది... వచ్చిందప్పా," అంటూ సుబ్బలక్ష్మమ్మ దగ్గరికి జరిగింది. ఆమె కళ్లు తెరమీద తప్ప ఎక్కడా లేవు. మౌస్ పట్టుకుని, పాటలు వెతికి, గబగబా పెన్‌డ్రైవ్‌లోకి ఎక్కించాడు. "ఒకటి పెట్టు," అంది ఆమె. పెట్టాడు.

కుసుమ గొంతు. లాలిపాట. తల్లి గోడకు ఆనుకుని కళ్లు మూసుకుంది. పాట సగంలో ఆగింది. గరగర... తర్వాత ఊపిరి. మైకుకు చాలా దగ్గరగా వచ్చిన ఊపిరి.

"అన్నా... లావు పిన్ను యాడికి పోయింది?"

సుబ్బలక్ష్మమ్మ కళ్లు తెరిచింది. "ఏందప్పా అది? ఎవర్ని అడుగుతాంది?"

దొంగకు తేలు కుట్టినట్టయింది సురేంద్రకు. "ఏమో పెద్దమ్మా. పాత రికార్డు... ఏందో కలిసిపోయినట్టుంది."

ఆమె అతని ముఖంలోకి చూసింది. అతను కిందికి వంగి ప్లగ్గు పీకాడు. పీకినా డబ్బాలో ఫ్యాను ఆగలేదు. టెస్టర్ ఆనించాడు. వెలిగింది. ప్లగ్గు చేతిలో ఉంది... టెస్టర్ వెలుగుతూనే ఉంది. తడిబట్ట వాసన అతని మెడ వెనకదాకా వచ్చింది.

కత్తెరతో వైరు తెంచి ప్లగ్గును జేబులో వేసుకున్నాడు. ఆమె చేతిలో పెన్‌డ్రైవ్ పెట్టాడు. "ఈ మిషన్ని ఇంగ ముట్టుకోవద్దు పెద్దమ్మా," అన్నాడు. ఎందుకో చెప్పలేదు.

ప్రొద్దుటూరు దాకా బండి మీద వెనక్కి తిరిగి చూడలేదు. ఎండకు వీపు కాలుతుంటే, జేబు దగ్గర తొడ మాత్రం చల్లగా, తడితడిగా ఉంది. ఊళ్లోకి రాగానే కాస్త ధైర్యం వచ్చింది. ప్లగ్గు ఇంటిముందు మురిక్కాలువలో పారేస్తే సాక్ష్యం పోతుంది, రేపు పూజ చేసుకుని ఇదంతా మరిచిపోవచ్చు అనుకున్నాడు. ఇంటి ముందు బండి ఆపి, జేబులో చెయ్యి పెట్టి బయటికి తీశాడు.

తెగిన వైరు అదే. పటకారు గాట్లు అవే. ప్లగ్గుకు మాత్రం మూడు పిన్నులున్నాయి. లావు పిన్నుకు కుంకుమ అంటుకుని ఉంది.

"ఎవరూ, నాన్నా?" లోపలి నుంచి కూతురు మేఘన పిలిచింది. "రేపు ఆయుధపూజ కదా, నీ కంప్యూటర్ తుడుస్తాండా."

వద్దని అరవబోయాడు. అంతలోనే మళ్లీ మేఘన గొంతు.

"నాన్నా... దీని లావు పిన్ను యాడికి పోయింది?"

లోపల తడిబట్ట పిండిన చప్పుడైంది.