పక్క మీద టోపీ

జూలై పండగ ఆటలకు అది ఆఖరి రోజు. రోడియో మైదానం చుట్టూ చెక్క బెంచీల మీద జనం కిక్కిరిసిపోయారు. డిటెక్టివ్ ఆగ్డెన్ పైక్ ఒళ్లో చిక్కుడుగింజల పళ్లెం పెట్టుకుని, మొండి గుర్రాలు రౌతులను ఎగరేసి కొట్టడం చూస్తున్నాడు. ఆయన సహాయకురాలు ఎడ్నా బాష్ పక్కనే కూర్చుంది. ఆయన సెలవు తీసుకోవడం ఆమె ఎరిగినంతలో ఇదే మొదలు. ఆ సెలవు కాస్తా పళ్లెం ఖాళీ అయ్యేదాకా కూడా నిలవలేదు.

"పైక్ గారంటే మీరేనా అండీ?"

మెట్లెక్కి వచ్చిన ఒక ఆడమనిషి అడిగింది.

"నా పేరు జోసీ పెల్టియర్. ఈ ఊరి పశువుల డాక్టరు భార్యని. మా ఆయన్ని షెరీఫ్ పట్టుకుపోయాడు. రడిక్‌ని చంపాడంటున్నారు."

గుర్రాల యజమాని రడిక్ తాను మకాముండే చక్రాల ఇంట్లో, ట్రెయిలర్‌లో, తల పగిలి చచ్చి పడి ఉన్నాడన్న వార్త పొద్దుటే అందరికీ తెలిసింది. అయినా ఆట ఆగలేదు.

"కూర్చో తల్లీ. మొదట్నుంచి చెప్పు," అన్నాడు పైక్.

"ఎర్ర గుర్రానికి ముందుకాలు వాచిందండీ. దాన్ని ఆటలోకి వదిలితే మధ్యలో కూలబడుతుంది, మీదున్నవాడు చస్తాడు, వదలొద్దని చెప్పడానికి నిన్న సాయంత్రం మా ఆయన వెళ్లాడు. టోపీ తీసి పక్క మీద పెట్టి మాట్లాడుతుంటే, రడిక్ మెడపట్టి బయటికి గెంటాడట. టోపీ అక్కడే ఉండిపోయింది. ఇప్పుడా టోపీయే సాక్ష్యమంటున్నారు. ఆట అవగానే వీళ్లంతా బండ్లు కట్టుకుని పోతారు. ఇక నిజం చెప్పేవాడు ఎక్కడ దొరుకుతాడండీ? ఆయన ప్రాణం పోతుంది."

పైక్ పళ్లెం పక్కన పెట్టి లేచాడు.

షెరీఫ్ డగన్ ట్రెయిలర్ గుమ్మంలోనే ఎదురయ్యాడు.

"సెలవుకొచ్చినవాడివి, హాయిగా ఆట చూసుకోక ఇదెందుకయ్యా నీకు? ఆ డాక్టరు మాటల్లో నిజం లేదు. టోపీ పక్క మీద పెట్టానంటాడు. నేనొచ్చేసరికి బల్ల మీద వెల్లకిలా ఉంది. నేనైతే దాని మీద వేలు కూడా పెట్టలేదు."

శవాన్ని తీసేశారు. అతని తల పగలగొట్టిన పొయ్యి కడ్డీ నేల మీదే ఉంది. పక్క మీద పరిచిన తెల్ల కంబళి నిండా నెత్తురు చిందింది. కాళ్ల వైపు మాత్రం పళ్లెమంత గుండ్రటి చోట ఒక్క చుక్కా లేదు. పైక్ టోపీని రెండు వేళ్లతో ఎత్తాడు. నెత్తి భాగం నిండా ఎండిన మరకలు. దాని కింద బల్ల చెక్క మీద కూడా అదే రంగు ముద్ర పడి ఉంది. ఎడ్నా అన్నీ చూసింది కానీ ఆమెకేమీ తోచలేదు.

"మావయ్య ఎవరి మాటా లక్ష్యపెట్టేవాడు కాదండీ," అన్నాడు రడిక్ మేనల్లుడు ప్రెంటిస్. పట్నం నుంచి కొత్తగా వచ్చి, మావయ్య వ్యవహారాలు చూస్తున్నాడు. "పసుప్పచ్చ చొక్కా వేస్తే గుర్రం చంపుతుందని వీళ్లకో భయం. ఆయన కావాలని అవే కుట్టించుకునేవాడు. నిన్న కూడా అదే వేసుకున్నాడు."

"పొద్దున శవాన్ని చూసింది నువ్వేనా?"

"గుమ్మంలోంచి చూసి పరిగెత్తానండీ. లోపల అడుగు పెట్టనే లేదు."

డాక్టరు కోపంగా, టోపీ లేకుండా బయటికి పోవడం ట్రెయిలర్ చుట్టూ ఉన్న కంచె దగ్గరి కాపలావాడు చూశాడు. ఆ తర్వాత తెల్లారేదాకా పురుగు కూడా లోపలికి రాలేదన్నాడు. లోపల మిగిలింది ఇద్దరే. ఒకడు ప్రెంటిస్. రెండోవాడు హార్లన్ కోయిల్. ఆటలో మొండి గుర్రం పక్కనే తన గుర్రాన్ని దౌడు తీయించి, రౌతును నడుం పట్టి లాగి కాపాడడం హార్లన్ పని. పుట్టి పెరిగింది రోడియో బండ్లలోనే. కొడుకు లైల్ పోయిన వేసవిలో రడిక్ బూడిదరంగు గుర్రం కింద పడి నలిగిపోయాడు. తండ్రి చెయ్యి అందేలోపే అంతా అయిపోయింది.

వాళ్లు గుర్రాల కొట్టంలోకి వెళ్లేసరికి హార్లన్ ఎర్ర గుర్రం వాచిన కాలికి తైలం రాస్తున్నాడు.

"ట్రెయిలర్‌లోకి వెళ్లావా?" అడిగాడు పైక్.

"మా వాడు పోయాక ఆ గుమ్మం తొక్కలేదు బాబూ," అన్నాడు హార్లన్ తలెత్తకుండా.

బయటికొచ్చాక పైక్ ఆమెను ఆపాడు.

"ఎడ్నా, పొద్దున బసలో నీ గదిలో ఏమిటా అరుపు?"

"పక్కగది రౌతండీ! నా టోపీ మంచం మీద పడేస్తే గుమ్మంలోంచి చూసి గావుకేక పెట్టాడు. 'అక్కా, చావుని పేరు పెట్టి పిలుస్తున్నావేంటి?' అని తనే వచ్చి తీసి కుర్చీ మీద వెల్లకిలా పెట్టాడు. పక్క మీద టోపీ చావు తెస్తుందని, బోర్లిస్తే అదృష్టం కారిపోతుందని రోడియోవాళ్ల నమ్మకమట."

పైక్ వెంటనే షెరీఫ్ కోసం బయల్దేరాడు.

దెబ్బలు తగిలినవాళ్లకు కట్లు కట్టే గదిలోకి ఆయన అందరినీ పిలిపించాడు. షెరీఫ్ తలుపు దగ్గర, బేడీలతో డాక్టరు పెల్టియర్, అతని చెయ్యి వదలని జోసీ. పైక్ చివర్లో వచ్చి, తన టోపీ మంచం మీద విసిరి, గుర్రం వాచిన కాలి గురించి డాక్టరును ఏవో అడగడం మొదలుపెట్టాడు. కూర్చోవడానికి చోటు చాలక ప్రెంటిస్ ఆ టోపీని మంచం మీదే అటు నెట్టి కూర్చున్నాడు. హార్లన్ చూపు మాత్రం టోపీని వదల్లేదు. ఒకసారి నుదురు తుడుచుకున్నాడు. ఆఖరికి మాట మధ్యలోనే లేచి, టోపీ తీసి, కిటికీ గట్టు మీద వెల్లకిలా పెట్టి వచ్చాడు.

"రాత్రి కూడా ఇలాగే తీశావు హార్లన్," అన్నాడు పైక్ మెల్లగా.

షెరీఫ్ తలుపుకి అడ్డంగా జరిగాడు.

"డాక్టరు నిజమే చెప్పాడు. దెబ్బ పడినప్పుడు టోపీ పక్క మీదే ఉంది. అందుకే దాని కింద కంబళికి నెత్తురంటలేదు. బల్ల మీద ముద్ర పడిందంటే, తడి ఆరకముందే దాన్ని తీసి వెల్లకిలా పెట్టారు. డాక్టరే చంపి ఉంటే టోపీ పెట్టుకుని పోయేవాడు. రడిక్‌కి ఇలాంటి భయాల్లేవు, పైగా అప్పటికే చచ్చిపోయాడు. ప్రెంటిస్‌కి ఈ పట్టింపే తెలియదు, ఇప్పుడే చూశారుగా. మనిషిని చంపిన చేత్తోనే పక్క మీది టోపీ తీసి పెట్టేవాడు, రాత్రి ఆ కంచె లోపల ఒక్కడే."

హార్లన్ తన చేతుల వంక చూసుకున్నాడు.

"తీసినట్టు గుర్తే లేదు," అన్నాడు. "ట్రెయిలర్ కిటికీ పక్క నిలబడి విన్నాను. 'పోయినేడు ఆ బూడిద గుర్రం కుంటిదని నాకు తెలీదా? వదల్లేదా? నాకేమైంది?' అన్నాడు రడిక్, డాక్టరుతో. నవ్వుతూ అన్నాడు. డాక్టరు పోయాక లోపలికెళ్లి అడిగాను. లైల్ పేరు కూడా గుర్తులేదు వాడికి."

"మరి మా ఆయన?" అరిచింది జోసీ. "నీ కొడుకులాంటి ఇంకో బిడ్డ చావకూడదనే కదా ఆయన వెళ్లింది! ఆయన్ని బలివ్వడానికి నీకు మనసెలా వచ్చింది?"

"రాలేదమ్మా. నిజం చెప్పడానికి నోరు కూడా రాలేదు. ఈ పూట చెప్దాం, ఆ ఎర్రదాన్ని ఎవడూ ఎక్కకుండా చూసుకుని చెప్దాం అనుకుంటూనే..."

షెరీఫ్ డాక్టరు చేతుల బేడీలు విప్పి హార్లన్ వైపు నడిచాడు. బయట మేళం మోగింది, జనం ఈలలు వేశారు.

"ఆ ఎర్రదాన్ని వదలనివ్వరు కదా?" అడిగాడు హార్లన్.

"వదలనివ్వను," అన్నాడు డాక్టరు.

హార్లన్ తలూపాడు. బేడీల కోసం చేతులు చాపబోయి ఆగి, తన టోపీ తీశాడు. కిటికీ గట్టు మీద పైక్ టోపీ పక్కన చోటుంది. అటు చూశాడు కూడా. తర్వాత మంచం దగ్గరికి వెళ్లి, దుప్పటి మధ్యలో దాన్ని బోర్లించి, చేతులు చాపాడు.